గ్రాహకం ఊరు అడగదు

కొలువు కొత్తగా ఉన్న ఆ రోజుల్లో, పిల్లలకు పాఠం అర్థమైతే అది నా గొప్ప, కాకపోతే పుస్తకం తప్పు అని నా గట్టి నమ్మకం. జహీరాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. వచ్చే ఏడాది నన్ను ఉంచుకోవాలో వద్దో క్లాసు చూసి తేలుస్తానన్నారు ప్రిన్సిపాల్ గారు. (ఆయన్ని చాటుగా 'మౌనస్వామి' అనేవాళ్లం. ఆయన పళ్లు ఎవరూ చూసిన పాపాన పోలేదు.)

ఆయన వచ్చిన రోజు పాఠం, ఒంట్లో కణాలకు కబుర్లు ఎలా అందుతాయన్నది. నేను ఊరికే చెప్పకుండా నాటకం వేయించాను. తరగతి గది కణం, వరండాలో నిలబడ్డ ఆడపిల్లలు చక్కెర. గుమ్మంలో కాపలా, అంటే గ్రాహకం, మా అల్లంపిల్ల. (వాళ్ల నాన్నది అల్లం వ్యాపారం.) ఆకుపచ్చ తువ్వాలుతో ఇన్సులిన్ వస్తేనే తలుపు తీయాలి, అప్పుడే చక్కెర లోపలికి రావాలి. ఎర్ర తువ్వాలుతో వచ్చేది వేరే చోటికి పోవాల్సిన హార్మోన్, దాన్ని తిప్పి పంపాలి. ఆ వేషానికి పక్క సెక్షన్ నుంచి ఒక బక్కపిల్లాణ్ణి అరువు తెచ్చాను. నా కొంప ముంచింది ఆ అరువే.

ఎర్ర తువ్వాలు ముందుగా వచ్చింది. అల్లంపిల్ల వాణ్ణి ఎగాదిగా చూసి, "ఏ ఊరు మీది?" అంది.

"న్యాల్‌కల్ అక్కా."

"అరె, మా అమ్మమ్మోల్లది గదే ఊరు! బయట నిలవడ్డవేంది, లోపటికి రా, జర కూసో."

తలుపు బార్లా తెరుచుకుంది. వాడి వెనకే చక్కెరంతా బిలబిలా వచ్చేసింది. ఇన్సులిన్ వరండాలో దిక్కులు చూస్తున్నాడు.

"పంపించెయ్ వాణ్ణి!" అన్నాను పళ్లు కొరుకుతూ.

"ఎట్ల పంపుత మేడం? గుమ్మం దాక వచ్చినోన్ని పొమ్మంటే మా అమ్మ నన్ను సంపుతది."

నా కొలువు ఊడిందనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో మౌనస్వామి లేచి గుమ్మం దగ్గరికి వెళ్లారు. "మాది మొగుడంపల్లి బిడ్డా, నన్ను గుడ రానిస్తవా?"

"మీరు చాయ్ తాగి పోవాలె సార్!"

ఆయన పళ్లు ఆ రోజే చూశాం. పోతూ పోతూ, "పాఠం మంచిగున్నది మేడం. రేపు మల్లొకసారి జెప్పున్రి, జర కాపలా మార్చున్రి," అన్నారు. కొలువు నిలిచింది. పరీక్షలో పిల్లలందరూ ఒకే మాట రాశారు, గ్రాహకం ఊరు అడగదని.

మొన్న దవాఖానలో డాక్టరమ్మ నా రిపోర్టు చూసి, "ఇన్సులిన్ మస్తుగున్నది మేడం, మీ కణాలే తలుపు తీస్తలేవు," అంది. నాకు నవ్వొచ్చింది, ఆమెకు ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు చక్కెర లేని చాయ్ తాగుతున్నప్పుడల్లా అల్లంపిల్ల గుర్తొస్తుంది. ఆ రోజు కాపలా మార్చాను గానీ, నా ఒంట్లో ఒక్క గుమ్మంలోనైనా ఆ పిల్ల కూర్చుని ఉంటే ఎంత బాగుండేది!