రత్నమాలక్క పడవ తూకం

కోరుట్లలో మా రత్నమాలక్క ఎదురుపడితే "మంచిగున్నవా?" అని అడగదు. "ఎన్ని కిలోలున్నవ్?" అని అడుగుతుంది. పరిచయం అక్కర్లేదు, సందర్భం అసలే అక్కర్లేదు. చెల్లెలి బిడ్డ పెళ్లిలో వియ్యపురాలికి బొట్టు పెడుతూ అడిగేసింది. ఆవిడ బిత్తరపోయి "ఎనభై" అంది. "అయితే ఎడమదిక్కు, ఎనుక" అని అక్క బొట్టు పూర్తిచేసింది.

ఎడమదిక్కు అంటే పడవలో. ఏడేళ్ల కింద యాత్ర బస్సులో బదరీనాథ్ వెళ్తూ, హృషీకేశ్ దాటాక, కిటికీలోంచి చూసిందట. కొండల నడుమ నురగలు కక్కే నది, గాలి నింపిన రబ్బరు పడవ, అందులో తెడ్లు పట్టుకున్న ఎనిమిది మంది ఆడవాళ్లు. పడవ ఎగిరిపడుతోంది, వాళ్లు నవ్వుతున్నారు. మలుపొచ్చింది, బస్సు తిరిగింది. అంతే.

"నిమిషం గూడ సూడనియ్యలే, చెల్లె. అంత గట్టిగ నవ్వే ఆడోళ్లను నేనెన్నడు సూడలే. నోటికి కొంగు గూడ అడ్డం పెట్టుకుంటలేరు!"

ఆ రోజు నుంచి ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతూనే ప్రయాణం ఆలోచిస్తోంది. ఎడమ నలుగురు, కుడి నలుగురు, తనతో కలిపి అందరూ బీడీలు చేసేవాళ్లే. రెండు దిక్కులా బరువు సమానంగా లేకపోతే పడవ ఒరుగుతుందని ఎవరో చెప్పారు. ఇక చూడండి, ఊరంతా తూకమే. నేను డెబ్బై ఒకటి అనగానే "నువ్వు ఒడ్డుమీద బట్టలకాడ కూసో" అంది.

భర్త గంగారాం ఓసారి అడ్డం తగిలాడు. "ధర్మపురి దగ్గరనే గదనే, పోయి గోదాట్ల మునుగు."

"గోదారి నిమ్మలంగ పోతది. నాకు ఎగిరేసే నీళ్లు గావాలె. నీకు జాగ లేదు పో."

నెలకో శనివారం, బీడీల కార్ఖానాలో పొగాకు బస్తాలు తూచే కాంటా మీద ఎనిమిది మందినీ ఎక్కించి, నోటుబుక్కులో రాసుకునేది. తంబాకు తూచిచ్చే రాజేందర్ మొత్తుకునేవాడు.

"అత్తా, గది తంబాకు కాంటా!"

"తంబాకును గ్రాము తేడ రాకుంట తూస్తవ్. దాన్ని చుట్టేటోళ్లను నెలకొక్కసారి తూస్తే నీ కాంటా అరుగుతదా?"

రాజేందర్ గొణుక్కుంటూ కాంటా మీది బస్తా దించేవాడు.

పడవ మాత్రం కదల్లేదు. ఒక ఏడు ఎడమ మూడు, అంటే భాగ్య, కడుపుతో ఉంది. ఇంకో ఏడు కుడి ఒకటి లావెక్కింది. చివరికి ఈ మార్చిలో రైలు టికెట్లు కూడా తీశారు. బయలుదేరే ముందు శనివారం తూకం వేసి, అక్క పుస్తకం మూసింది.

"పోతలేం."

"ఏందక్కా, మల్లనా?" ఏడుగురూ మీదపడ్డారు.

"కుడి రెండు తేలికైంది. పడవ ఒరుగుతది."

కుడి రెండు గౌరవ్వ. "నా మూలంగ ఆపకు. రెండు ముద్దలు ఎక్కువ తింట."

"సప్పుడు జెయ్యక నడువు."

"యాడికి?"

"జగిత్యాల దవాఖానకు."

నేనూ తోడెళ్లాను. బరువు ఎప్పటి నుంచి తగ్గుతున్నావని డాక్టరమ్మ అడిగితే గౌరవ్వ బిక్కమొహం వేసింది. పక్క నుంచి నోటుబుక్కు వచ్చింది. నలభై ఎనిమిది, నలభై ఏడు, నలభై ఐదు, నలభై రెండు. నెలనెలా, తేదీలతో. పరీక్షల్లో టీబీ అని తేలింది. తొందరగానే పట్టుకున్నారు. ఆరు నెలల మందులు.

"ఇవి ఎవరు రాయమన్నారమ్మా?"

"పడవ, మేడం."

తిరుగు బస్సులో నిలదీశాను. "అక్కా, పడవ ఉత్తదేనా?"

"ఉత్తదెందుకైతది?" కోపమొచ్చింది ఆమెకు. "నన్ను కన్న అవ్వ గూడ బీడీలు చేసుకుంట చేసుకుంట గిట్లనే కరిగిపోయింది. బీడీలు తక్కువైతే అడిగిండ్రు, అవ్వ తక్కువైతే ఒక్కలడగలే. దవాఖానకు రాండ్రి అంటే ఎవ్వలస్తరు? పడవ అంటే నవ్వుకుంట కాంటా ఎక్కిండ్రు." కిటికీ వైపు తిరిగింది. "గానీ గా నీళ్లు... కండ్లు మూస్తే సప్పుడు ఇనవడ్తది, చెల్లె."

గౌరవ్వ మళ్లీ నలభై ఎనిమిది అయితేనే ప్రయాణమని అక్క తీర్మానం. నలభై మూడు. నలభై నాలుగు. నలభై ఐదు. మొన్న శనివారం గౌరవ్వ ఊపిరి బిగబట్టి ఎక్కింది. నలభై ఎనిమిది! అందరూ చప్పట్లు. భాగ్య ఈలేసింది.

అక్క మాత్రం కళ్లద్దాల మీదుగా చూసింది. "దిగి, రెండు ఎగుర్లు ఎగురు."

ఒక్క ఎగురుకే గౌరవ్వ నడుముకు చెక్కిన కొంగులోంచి రెండు కిలోల ఇనుప తూకంరాయి ధన్‌మని రాజేందర్ కాలి పక్కన పడింది.

"గిది నా బాటు!" అన్నాడు వాడు.

గౌరవ్వ తల వంచుకుంది. "నా ఒక్కదాని కొరకు నువ్వు గా నీళ్లు సూడకుంట కూసుంటివి గదక్కా."

రత్నమాలక్క పెన్ను తీసి, నలభై ఆరు అని రాసింది.

"బాటుకు పడవల జాగ లేదు. గుడ్లు తిను. ఆరు నెల్ల మందులు ఒడవనియ్యి, దసరా ఎల్లినంక పోదాం."

"మరి రెండు కిలోలు?"

"నేనే జర నీ దిక్కు జరిగి కూసుంట."

ముందు గౌరవ్వ నవ్వింది. తర్వాత భాగ్య. తర్వాత ఎనిమిది మందీ, నోటికి కొంగు అడ్డం లేకుండా, కార్ఖానా రేకులు అదిరేలా. బాటు ఎత్తుకోవడం మరిచి నోరు తెరుచుకు నిలబడ్డ రాజేందర్‌ను అక్క కళ్లు తుడుచుకుంటూ కిందా మీదా చూసింది.

"నువ్వెన్ని కిలోలున్నవ్, అల్లుడా?"