స్థిర త్వరణం, స్విచ్చుల శెట్టి ఫ్యాను

ఇప్పుడు నాకు కోపం రావాలంటే ముందు బీపీ మాత్రను అడగాలి, తర్వాత మా ఇంటావిడను అడగాలి. ఆ రోజుల్లో ఎవరినీ అడిగే పనిలేదు. ఆళ్లగడ్డలో బస్సెక్కేటప్పుడు కండక్టరు మీద మొదలైన కోపం నంద్యాలలో దిగేసరికి మొత్తం భౌతికశాస్త్రం మీదికి పాకేది. డిగ్రీ అయ్యి ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా నాయన విత్తనాల అంగడి తాళాలు నా ముందు పెట్టి, "పాఠాలు చెప్తానంటావు గదా, పొయ్యి చెప్పు. వాళ్ళు వద్దంటే రేపట్నుంచి ఈడ కూర్చో. మళ్ళా నోరెత్తగూడదు" అన్నాడు. విత్తనాల దుమ్ముకు నాకు తుమ్ములు. మానవజాతిలో అంతగా తుమ్మినవాడు లేడు. (సరే, మా పెదనాయన నాకంటే ఎక్కువ తుమ్మేవాడు.)

నన్ను పరీక్షించబోయేది నంద్యాల బజారులో మేడమీద ఉన్న ఒక ట్యుటోరియల్. నడి వేసవి. పాఠం భ్రమణ చలనం. నా ముందు రెండు వందల మంది విద్యార్థులు (ఇరవై మంది, అందులో కొందరు ఫ్యాను గాలికి వచ్చినవాళ్ళు). వెనక బెంచీలో ప్రిన్సిపాలు. గదికంతా ఒకటే ఫ్యాను. రెగ్యులేటరు గదిలోనే ఉంది కానీ, స్విచ్చు మాత్రం కింద మేడ యజమాని గుడ్డల అంగట్లో, ఆయన చేతికందే చోట ఉంది. కరెంటు దండగవుతుందని ఆయన చేసుకున్న ఏర్పాటు. అందుకే ఆయన పేరు స్విచ్చుల శెట్టి. గాలి కావాలంటే కిటికీలోంచి "అన్నా, ఫ్యానూ" అని కేక వేయాలి. ఆయనకు దయ కలిగితే తిరుగుతుంది.

బోర్డు మీద లెక్క రాశాను. ఒక చక్రం సెకనుకు రెండు చుట్లు తిరుగుతోంది. స్థిర కోణీయ త్వరణంతో నెమ్మదిస్తూ ముప్పై సెకన్లలో ఆగింది. మొత్తం ఎన్ని చుట్లు? మొదట రెండు, చివర సున్నా, సగటు ఒకటి. కాబట్టి ముప్పై అన్నాను. గోస్పాడు నుంచి వచ్చే ఒక బలమైన పిల్లవాడు లేచాడు. "సెకనుకు రెండంటే ముప్పై సెకన్లకు అరవై గదా సార్. మిగతా సగం యాడికి పోయినాయి?" నెమ్మదిస్తోంది కదా నాయనా అన్నాను. "సమంగానే నెమ్మదిస్తాదని చక్రానికి ఎవురు చెప్పినారు సార్?" గది గొల్లుమంది. ప్రిన్సిపాలు నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు. నాకు విత్తనాల వాసన ముక్కు దాకా వచ్చింది. "చూపిస్తా" అని గర్జించాను. (గొంతు కీచుమంది.)

బెంచీ ఎక్కి ఫ్యాను రెక్కకు నా ఎర్ర చేతిగుడ్డ కట్టాను. ఫ్యాను వేయించి, సెకనుకు రెండు చుట్లు వచ్చేదాకా రెగ్యులేటరు తిప్పి, కిటికీలోంచి "అన్నా, ఫ్యాను ఆపు" అని అరిచాను. శెట్టి ఆపాడు. అందరం ఎర్రగుడ్డను చూస్తూ గట్టిగా లెక్కపెడుతున్నాం. పదిహేను దగ్గర ఫ్యాను మళ్ళీ ఊపందుకుంది. మేడమీది అరుపులు విని, అలవాటుకొద్దీ ఆయనే వేసేశాడు. ఇన్నేళ్ళలో ఫ్యాను వేయమని తప్ప ఆపమని అడిగినవాడు లేడు మరి. అది తిరిగి సెకనుకు రెండు చుట్లకు చేరాక మళ్ళీ అరిచాను. "నిజంగానే ఆపమంటాండావా? జొరం గిరం వచ్చిందా సారూ?" అంటూ సంతోషంగా ఆపాడు. ఈసారి ఫ్యాను పూర్తిగా ఆగింది. వాచీలో సరిగ్గా ముప్పై సెకన్లు. చుట్లు మాత్రం ఇరవై.

"మీ ముప్పై గూడా రాలేదు సార్" అన్నాడు గోస్పాడు.

మండిపోయింది. "రాదు. ఎందుకొస్తుంది? వేగం ఎక్కువున్నప్పుడు గాలి గట్టిగా అడ్డుకుంటుంది, మొదట్లోనే గబగబా తగ్గిపోతుంది. చివర్లో ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఇది స్థిర త్వరణం కాదు. లెక్కలో స్థిరం అని రాసుంటేనే సగటు పనికొస్తుంది. ముందు ఆ మాట ఉందో లేదో చూసి, తర్వాత సూత్రం పట్టుకోండి" అని బల్ల గుద్దాను. గోస్పాడు, "ఆ మాట ముందే చెప్పుంటే గుడ్డ కట్టే పనే లేదు గదా సార్" అన్నాడు. కానీ పుస్తకంలో స్థిర అనే మాట కింద గీత గీసుకున్నాడు.

అప్పటికి గది ఉడుకుతోంది. ఎంత అరిచినా శెట్టి ఫ్యాను వేయడు. పిల్లలు నా మీద అరుస్తున్నారు. కిందికి దూకాను (మెట్ల మీదుగా). "ఆపమనింది నువ్వే గదప్పా" అన్నాడు శెట్టి, గుడ్డ కొలుస్తూ. నేను ఆయన చొక్కా పట్టుకుని, బజారంతా అదిరేలా గద్దించి, ఫ్యాను వేయించాను. పైన చప్పట్లు మోగాయి. ప్రిన్సిపాలు నన్ను పక్కకు పిలిచి, "పాఠం సంగతి అట్లుండనీ. శెట్టి మొండికేసినాక ఫ్యాను వేయించినోడు ఇంతవరకూ లేడు. రేపట్నుంచి రా" అన్నాడు.

చొక్కా పట్టుకోలేదు. ఒక టువాలు కొన్నాను. దాన్ని మడతపెట్టి ఇస్తూ శెట్టే నవ్వి స్విచ్చు వేశాడు.

మొన్న ఎండలకు మా ఇంట్లో రిమోటు ఫ్యాను పెట్టించారు. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఆపి, లోలోపల లెక్కపెట్టుకుంటున్నాను. అదీ అంతే, మొదట్లో గబగబా తగ్గి, చివర్లో ఆగనా వద్దా అని తచ్చాడుతోంది. నా కోపంలాగే. ఇంతలో మా ఇంటావిడ లేచి, రిమోటు లాక్కుని, కూలరున్న గదిలోకి వెళ్ళిపోయింది. గడప దగ్గర నిలబడి, బలే మెత్తగా, "ఫ్యానూ" అన్నాను.

"ఆపింది నువ్వే గదా" అంది.

ఈమె దగ్గర కొనడానికి టువాళ్ళు కూడా లేవు.