గడప దాకా ఊపిరి

1982. తిరువళ్లూరులో పన్నెండు పడకల ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. నాకు నోటి దురుసు ఎక్కువని ఆయా మొదలు డాక్టరు దాకా అందరూ అనేవారు. నిజమే. వార్డులో బీడీ కాల్చినవాణ్ణీ, సూది చూసి ఏడ్చే మగాణ్ణీ ఊరికే వదిలేదాన్ని కాదు. కానీ నోరు తెరవాల్సిన ఒక్కచోట మూసుకున్నాను. ఆ సంగతే ఇది.

తిరుత్తణి నుంచి మునస్వామి అనే నేతగాణ్ణి తీసుకొచ్చారు. అరవై ఏళ్లుంటాయి. వెంట భార్య కన్నమ్మ, కొడుకు ఏకాంబరం. ఎక్స్‌రే చూడగానే డాక్టరు ముఖం మారింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్, రెండువైపులా పాకిపోయింది. బయటికి మాత్రం "రెండు దినాలు చూద్దాం" అన్నారు. ఆ మాట మేం చాలామందికి చెప్పేవాళ్లం, విన్నవాళ్లు అందులో ఆశ వెతుక్కునేవారు. ఏకాంబరమూ అంతే. ఆ సాయంత్రమే ఊరికి పోయి, ఆక్సిజన్‌కూ సూదిమందులకూ అని ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్మేసి వచ్చాడు.

మూడోరోజు పొద్దున మునస్వామి కాస్త తేరుకున్నాడు. గ్లాసు తనే పట్టుకుని నీళ్లు తాగాడు. నన్ను పిలిచి, "నన్ను ఇంటికి పంపీమ్మా. ఈడ నాకేం పని?" అన్నాడు. భార్యా కొడుకూ నా ముఖమే చూస్తున్నారు. డాక్టరు చెప్పనిది నర్సు చెప్పకూడదని మాకు నేర్పిన మొదటి పాఠం. దాని వెనక దాక్కున్నాను. డాక్టరు వచ్చాక అడగమని చెప్పి, టెంపరేచర్ చార్టు రాసుకుంటూ పక్క బెడ్డుకు వెళ్లిపోయాను.

డాక్టరు వచ్చి మళ్లీ రెండు దినాలు చూద్దామనే అన్నారు. ఐదోరోజుకు స్పృహ పోయింది. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు అప్పుడు చెప్పారు, దారిలో తోడుగా నన్ను వెళ్లమన్నారు.

అసలు భయం అక్కడ మొదలైంది. బయట ప్రాణం పోతే శవాన్ని గడప దాటించకూడదని వాళ్ల ఆచారం. వీధిలోనే పందిరి వేసి అక్కణ్ణుంచే సాగనంపుతారు. సొంత ఇంట్లో పడుకోబెట్టాలంటే గడప దాటేటప్పుడు ఊపిరి ఉండాలి. ఇల్లు అలికి చాప వెయ్యడానికి కన్నమ్మ ముందు రైలుకే బయలుదేరింది. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, "ఊపిరితో తీసకరా తల్లీ" అని మాత్రం అంది.

అంబాసిడర్ కారు మాట్లాడారు. వెనక సీట్లో మునస్వామి తల నా ఒళ్లో, కాళ్లు ఏకాంబరం ఒళ్లో. నా చేతిలో ఆంబు బ్యాగ్. మాస్కు ముక్కూ నోరూ మూసేలా పెట్టి పిసికితే లోపలికి గాలి పోయే రబ్బరు సంచి అది. పిసుకుతూ మధ్యమధ్యలో మెడ దగ్గర నాడి చూస్తున్నాను. సగం దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు రావాలట. వచ్చింది గానీ ఎంతకీ అయిపోదే! చివరి పెట్టె కోసం చూస్తుండగానే నా వేలికి నాడి అందలేదు. వేళ్లు మార్చి చూశాను. ఛాతీ మీద చెవి ఆనించాను. లేదు.

"ఊపిరి ఉండాదా అక్కా?" అన్నాడు ఏకాంబరం.

నేను చెయ్యి ఆపితే ఆ మనిషి వీధిలో పడుకోవాలి. "ఉండాది. గేటు తీస్తానే డ్రైవరును సీక్రం పొమ్మను" అన్నాను. మిగతా దారంతా చచ్చిపోయిన మనిషికి గాలి కొడుతూ కూర్చున్నాను. అబద్ధం బయటపడుతుందేమోనని ఒక భయం, దేవుడు చూస్తున్నాడని ఇంకో భయం. మాది ఆదివారం చర్చి తప్పని కుటుంబం మరి. కాళ్లు చల్లబడుతున్నాయని ఏకాంబరం రెండుసార్లు అన్నాడు. కారు గాలికి అన్నాను. వాడు పంచె కొంగు కప్పి రుద్దుతూనే ఉన్నాడు.

గడప దాటించాం. అమ్మేసిన మగ్గం గుంట ఖాళీగా ఉంది. దాని పక్కనే చాప. కన్నమ్మ పాదాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది, తర్వాత తులసి నీళ్లు నోట్లో పోసింది. అవి పక్కకు కారిపోయాయి. నేను మాస్కు తీసి, ఇప్పుడే పోయాడన్నాను. ఇల్లంతా ఏడుపు.

పెరట్లో చేతులు కడుక్కుంటుంటే కన్నమ్మ వచ్చి చెంబు తీసుకుని తనే నీళ్లు పోసింది.

"పాదం పట్టుకుంటానే తెలిసిందమ్మా నాకు, దారిలోనే పోయినాడని. అయినా లోపలికి తెచ్చినావు. నీ బిడ్డలు సల్లంగా ఉండాల."

నాకు ఏడుపొచ్చింది. ఆమె నీళ్లు పోస్తూనే ఉంది.

"అయితే ఆ పొద్దు తనే గ్లాసు పట్టుకోని నీళ్లు తాగినాడే, ఇంటికి పంపమన్నాడే, అప్పుడు నీకు తెలుసు కదా? నీ మొగంలోనే చూసినా. అప్పుడే చెప్పింటే మా భుజం పట్టుకోనన్నా తన కాళ్లతోనే గడప దాటింటాడు."

తడి చేతులతోనే ఆంబు బ్యాగ్ తీసుకున్నాను. కారెక్కి వచ్చేశాను.

కారులో ఆడిన అబద్ధానికి నాకెప్పుడూ సిగ్గు వెయ్యలేదు. చార్టు రాసుకుంటూ పక్క బెడ్డుకు వెళ్లిపోయానే, దానికి ఇప్పటికీ సిగ్గే. ఆ తర్వాత ఏ రోగి ఇంటికి పోతానన్నా, ఆ గంటలోనే డాక్టరు గది తలుపు తట్టేదాన్ని. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా అని అడిగేదాన్ని. దాంతో రెండుసార్లు ఉద్యోగం ఊడబోయింది. ఊడితే ఊడనీ అనుకున్నాను. మనిషి తన గ్లాసు తను పట్టుకోగలిగే రోజునే ఆ మాట చెప్పాలి.