సాయంత్రం దాకా ఆగమన్నది

జెలిహాకి అరవై దాటాయి, మనవరాళ్ళున్నారు, అయినా మా ఊళ్ళో ఆమె ఇప్పటికీ బెకిర్ కూతురే. టర్కీలోని ఈ ముగ్లా కొండల్లో తేనెపెట్టెలు పెట్టుకుని బతికేవాళ్ళకి బెకిర్ ముసలాయన మాటంటే మాటే. ఆయనకి మగపిల్లలు లేరు. లేకపోతే ఏం, ఈగల్ని నిమ్మళింపజేసే పొగడబ్బా కూతురి చేతికే ఇచ్చాడు. గౌను జేబులో వాల్‌నట్లు పోసుకుని ఆడుకునే వయసులోనే ఆ పిల్ల మొహానికి వల కట్టుకుని పెట్టెల మూతలు తీసేది. "ఈగ కుడితే తప్పు నీది, దానిది కాదు," అనేవాడట తండ్రి. కుట్టిన చోట ఉల్లిపాయ ముక్క రుద్దుకుని మళ్ళీ పనిలోకి దిగేది. ఏడిస్తే ఊరుకునే మనిషి కాడు మరి బెకిర్.

ఆయన నేర్పిన వాటిలో ఒకటి ఆమెకి ఎముకల్లో దిగిపోయింది. పెట్టెలు ఒక చోటినుంచి ఇంకో చోటికి తరలించాలంటే పొద్దు వాలాలి. మేతకి పోయిన ఈగలన్నీ ఇల్లు చేరాలి. అప్పుడే పెట్టె గుమ్మం మూయాలి. పగటిపూట మూశావో, బయట ఉన్నవన్నీ తిరిగొచ్చి, ఇల్లెక్కడా అని ఆ చోటే తిరిగి తిరిగి చస్తాయి. "పిల్లలు బడికెళ్ళినప్పుడు ఇల్లు ఖాళీ చేసి పారిపోయే తల్లి ఉంటుందా?" అనేవాడు బెకిర్. మా దగ్గర అందరూ పాటించేదే ఇది. కానీ జెలిహా పాటించినంత పట్టుదలగా ఎవరూ పాటించలేదు.

పెళ్ళీడుకొచ్చాక బెకిర్ ఆమెని బయటికి పంపలేదు, ఇల్లరికపు అల్లుణ్ణి తెచ్చుకున్నాడు. ఆ వచ్చినవాడు దుర్ముష్. మేకలు కాసే ఇంటివాడు, నోట్లో నాలుక లేని మనిషి. పైగా తేనెటీగలంటే చచ్చే భయం! మొదటి వారంలోనే కన్ను వాచి మూసుకుపోయింది. ఇంకేం, టీకొట్టు దగ్గర వాళ్ళకి పండగ.

"ఏం అల్లుడుగారూ, ఇవాళ కుట్టింది ఈగలా, మావగారా?"

"మావగారైతే పొగ పెట్టినా తగ్గరు. ఇవి ఈగలేలెండి," అనేవాడు దుర్ముష్, ఒంటికన్నుతో నవ్వుతూ. ఆ నవ్వుతోనే ఊరి నోరు మూయించాడు. ఊరి నోరు మూసుకుంది కానీ పెళ్ళాం నోరు మూసుకోలేదు. "ఏమయ్యో, వల సరిగ్గా కట్టుకో. ఏమయ్యో, అంత గట్టిగా మూత తీయకు. ఏమయ్యో, నువ్వు లారీ తోలు చాలు, ఈగల సంగతి నాకొదిలెయ్." ఇలా జీవితమంతా సాగింది. ఆయన లారీ తోలాడు. వసంతం పోగానే పెట్టెలన్నీ ఎక్కించి, పైన పొద్దుతిరుగుడు చేల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఆగస్టు చివర్లో మళ్ళీ మా పైన్ అడవికి దింపేవాడు. ఆ రోజుల్లో మా పైన్ చెట్ల బెరడు మీద ఒక చిన్న పురుగు తీపి కారుస్తుంది. ఈగలు దాన్నే తెచ్చి తేనె చేస్తాయి. మా లోయ మొత్తం ఆ పురుగు మీదే బతికింది, సిగ్గుపడాల్సిందేం లేదు. కూతురు ఎస్మా పుట్టింది, చదివింది, పట్నంలో పెళ్ళి చేసుకుంది. బెకిర్ పోయాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే మిగిలారు, ఆ పెట్టెలూ, ఆ లారీ, ఆ సణుగుడూ.

ఆ ఏడాది చేల నుంచి దిగిన రెండో రోజునే అవతలి కొండ వెనకాల పొగ లేచింది.

పెట్టెలు ఊరికి పైన, అడవి మధ్య ఖాళీ జాగాలో ఉన్నాయి. ఇద్దరూ అక్కడే ఉన్నారు. దుర్ముష్ చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు పొగకేసి చూశాడు.

"జెలిహా, ఎక్కించేద్దామా?"

"ఇప్పుడా? ఎండ నడినెత్తిన ఉంది. సగం ఈగలు బయటున్నాయి."

"గాలి అంత బాగా లేదే."

"ఏమయ్యో, నీకు మొదట్నుంచీ భయమే! ఆ పొగ కొండకి అవతల ఉంది. సాయంత్రం దాకా ఆగు. అవి ఇల్లు చేరాక నిమ్మళంగా మూసి ఎక్కిద్దాం. నేను కిందికెళ్ళి ఊళ్ళో నీళ్ళు మోసేవాళ్ళకి సాయం పడతా, అయిపోగానే వస్తా."

ఆయన లారీ నీడలోకి పోయి కూర్చున్నాడు. ఆమె మాట ఎప్పుడు కాదన్నాడు గనక!

ఆమె దిగేసరికి మసీదు మైకులో నమాజు చేయించే హోజా గొంతు బొంగురుపోయి వినిపిస్తోంది. "చేలకి మందుకొట్టే ట్యాంకులున్న వాళ్ళు నీళ్ళు నింపుకుని రండి! రంపాలున్న వాళ్ళు పైవీధి చివరికి రండి! ముసలాళ్ళనీ పిల్లల్నీ బస్సెక్కించండి!" ఆ మధ్యాహ్నం మా ఊరు ఎలా పోరాడిందో చూసినవాళ్ళం చెప్పుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మగవాళ్ళు ఊరంచున ఉన్న పైన్ చెట్లని వరసగా నరికి పడేశారు, తాతలు నాటిన చెట్లు. ట్రాక్టర్లు వెనక్కి తిరిగి నీళ్ళు చిమ్మాయి. ఆడవాళ్ళు తడి గోనెలు పట్టుకుని కప్పుల మీద పడ్డ నిప్పుల్ని బాదారు. పైన్ కాయలు పేలి, మండుతూ గాల్లో ఎగిరొచ్చి పెరట్లో పడేవి. ఒకటి ఆర్పేలోగా రెండోది. చల్ల బిందెలు తెచ్చినవాళ్ళు ఆ చల్లనే మంటల మీద పోసేశారు. జెలిహా రుమాలు కాలింది, చేతుల మీద చర్మం లేచింది, ఆమెకి తెలియనే లేదు.

గాలి మళ్ళింది ఎప్పుడో ఎవరూ చూడలేదు. అప్పటిదాకా మా మీదికి వచ్చిన మంట ఉన్నట్టుండి పక్కకి వాలి కొండ ఎక్కడం మొదలెట్టింది. పైకి ఎక్కే మంట ఎంత వేగంగా పోతుందో చూసినవాడికే తెలుసు. "ఊరు బతికింది!" అని ఎవరో కేక పెట్టారు. జెలిహా తలెత్తి పైకి చూసింది. పెట్టెలున్న జాగా అటే ఉంది. గోనె అక్కడే పడేసి ఫోన్ తీసింది.

"ఏమయ్యా! దిగిరా! ఇప్పుడే దిగిరా!"

"ఏంటే, వినపడట్లా. ఇక్కడ పొగగా ఉంది."

"మంట పైకొస్తోంది! లారీ ఎక్కి వచ్చెయ్!"

"ఇంకాసేపట్లో చేరిపోతాయే. పొగకి తొందరగానే వచ్చేస్తున్నాయి పాపం, గుమ్మాల దగ్గర గుంపులు గుంపులు..."

"పెట్టెలు మండిపోనీ! నీకు దణ్ణం పెడతా, వదిలేసి రా!"

అవతల ఆ మనిషి నవ్వాడు. అవును, నవ్వాడు. "మీ నాన్న పెట్టెలు వదిలేసి దిగితే టీకొట్టు దగ్గర నాకింకో పేరు పెడతారే. సరే, సరే, అరవకు. ఎక్కిస్తున్నా. వస్తున్నా."

"ఎక్కించొద్దు! నువ్వు ఒక్కడివే రా!" అని ఆమె అరిచిన అరుపు ఊరంతా విన్నాం. ఆయన విన్నాడో లేదో తెలియదు. లైను పోయింది.

పైకి పోతానని పరిగెత్తిన ఆమెని నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. కొరికింది, రక్కింది, తిట్టరాని తిట్లు తిట్టింది. పట్టుకున్న వాళ్ళలో యాల్చిన్ ఒకడు. పక్కింటి కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు, పెట్టెల పని జెలిహా దగ్గరే నేర్చుకున్నాడు. అతని మోచేతి మీద ఆమె పళ్ళ గుర్తులు చాలా రోజులున్నాయి.

లారీ రెండో మలుపులో దొరికింది. ముందు చెట్టొకటి కూలి దారికి అడ్డం పడింది. ఆయన వెనక్కి తిప్పబోయాడట. ఇంతకన్నా నేను చెప్పను, చెప్పలేను. పెట్టెలన్నీ ఎక్కించేశాడు. ఒక్కడే, ఆ పొగలో, జీవితమంతా ఈగకి భయపడ్డ మనిషి! ఎక్కించినవన్నీ బూడిదయ్యాయి. ఒక్క పెట్టె మాత్రం లారీ మీదినుంచి జారి కింద వాగులోకి దొర్లింది. సగం మాడింది, లోపల ఈగలు బతికే ఉన్నాయి. అటవీశాఖ జవాను ఒకతను దాన్ని తెచ్చి జెలిహా గడప ముందు పెట్టాడు. ఆమె వంగి చూసింది. గుమ్మం తెరిచే ఉంది. ఆఖరికి ఎక్కించేటప్పుడు కూడా ఆయన గుమ్మం మూయలేదు, వెనకబడ్డ ఈగ ఏదైనా ఉంటే వచ్చి చేరుతుందని. తెరిచిన పెట్టెలు చేతుల్తో మోశాడు. ఎన్ని కుట్టాయో ఆ మనిషిని, ఆ దేవుడికే తెలియాలి.

అది చూశాక ఆమె ఏడవలేదు. దాంతో మాకు ఇంకా భయమేసింది.

ఏడోరోజున ఆయన పేరుమీద లోక్మాలు, అవే పాకంలో ముంచే పిండి ఉండలు, వేయించి పంచాం. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, రాసిపెట్టి ఉంది, రాసిపెట్టి ఉంది. జెలిహా ఒకసారి విన్నది, రెండుసార్లు విన్నది, మూడోసారి పళ్ళెం నేలకేసి కొట్టింది. "రాసిపెట్టలేదు! నేను ఆగమన్నాను! ఎక్కిద్దామా అని అడిగితే నేను ఆగమన్నాను!" వచ్చినవాళ్ళు వంగి చెదిరిన లోక్మాలు ఏరారు. మాలో ఎవరైనా ఆగమనే అనేవాళ్ళం. ఆ సంగతి చెప్పినా ఆమె చెవిన పెట్టలేదు.

ఎస్మా వచ్చి పట్నం తీసుకెళ్తానంది, పోలేదు. నష్టపోయిన వాళ్ళకి సర్కారువాళ్ళు కొత్త పెట్టెలు ఇస్తామన్నారు, వద్దంది. ఆ సగం మాడిన పెట్టెని యాల్చిన్‌కీ వాడి పెళ్ళాం సెవ్దాకీ ఇచ్చేసింది. అయినా ఏం పెట్టెలు, ఏం తేనె! కొండలు నల్లగా, బోడిగా ఉన్నాయి. ఆ పురుగు మళ్ళీ రావాలంటే చెట్లు పెరిగి పెద్దవవ్వాలి, మా తరంలో జరిగేది కాదు. కాలకుండా మిగిలింది ఏటి అవతలి గట్టు ఒక్కటే. బతికున్న పెట్టెలన్నీ అక్కడికే చేరాయి, యాల్చిన్ పెట్టెలు కూడా.

మరుసటి వేసవి ఒక ఉదయం ఆ గట్టు వైపున కూడా పొగ కనబడింది.

జెలిహా అప్పుడు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. చూసింది. చేతిలో తడిబట్టల మూట అలాగే పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా ఏరు దాటి గట్టెక్కింది. యాల్చిన్ అప్పటికే లారీ తెచ్చి పెట్టుకుని, పొగకేసి చూస్తూ నిలబడ్డాడు. సెవ్దా పక్కనే ఉంది.

"అత్తా, నువ్వెందుకొచ్చావు? దూరంగానే ఉందిలే. సాయంత్రం దాకా చూసి..."

ఆమె ఆ మాట పూర్తి కానివ్వలేదు. మూటలోంచి తడి గుడ్డలు లాగి, మొదటి పెట్టె గుమ్మంలో కుక్కింది. తర్వాత రెండోది. వల లేదు, పొగడబ్బా లేదు. మేతనుంచి తిరిగొచ్చిన ఈగలు మూసిన గుమ్మానికి గుద్దుకుని ఆమె మొహం మీదా మెడ మీదా వాలాయి.

"అత్తా, ఏం చేస్తున్నావు! బయట సగం ఉన్నాయి!"

"ఎక్కించు!"

"నువ్వేగా నేర్పావు, పగలు మూయకూడదని!"

"నోర్మూసుకుని ఎక్కించరా! నీ చెంప పగలగొడతా!"

సెవ్దా మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎక్కించు," అంది మెల్లగా. ముగ్గురూ మోశారు. వగరుస్తూ, కుట్టించుకుంటూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటూ మోశారు. లారీ కొండ దిగి సముద్రపు రోడ్డు ఎక్కేదాకా జెలిహా వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యాహ్నానికల్లా మంటలు ఆరిపోయాయి. ఎవరిదో చేను అంచున గడ్డి కాలిందట, అంతే. గట్టు మీద ఒక్క ఆకు కూడా మాడలేదు.

పొద్దు వాలేవేళకి తిరిగొచ్చారు. పెట్టెలున్న చోట రాళ్ళ మీద ఈగలు ముద్దలు ముద్దలుగా పడున్నాయి. కొన్ని ఇంకా పాకుతున్నాయి, కొన్ని కదలడం లేదు. యాల్చిన్ ఒక గుప్పెడు చేతిలోకి తీసుకుని చూశాడు. పొద్దుటినుంచీ దిగమింగుకున్న కోపమంతా ఒక్కసారి పైకొచ్చింది.

"చూడత్తా, చూడు! సీజను ముందర మేతకి పోయేవన్నీ పోయాయి! ఈ ఏడు తేనె లేదు ఇక! పొగ చూస్తే చాలు, నీకు మతి పోతుంది, మమ్మల్నీ ముంచావు! ఒక్క పూట ఆగితే ఏం పోయేది? చెప్పు, ఏం పోయేది?"

నోటినుంచి జారాక గానీ అతనికి తెలియలేదు ఏమన్నాడో. సెవ్దా ఏడుస్తూ జెలిహా భుజాల చుట్టూ చేతులేసింది. "పట్టించుకోకత్తా. నోటి దురద వాడికి. ఇంటికెళ్ళాక నేను చెప్తా వాడి సంగతి."

జెలిహా ఆ రాళ్ళ పక్కనే కూలబడింది. వాచిన మొహంలో కళ్ళు సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఏడాదిగా రాని ఏడుపు అప్పుడొచ్చింది, పెద్దగా, ఒళ్ళంతా ఊగిపోతూ.

"తిట్టనీవే," అంది. "ఏం పోయేది కాదు. వాడన్నది నిజమే, ఈసారి ఏం పోయేది కాదు. ఆ రోజు కూడా నేను ఇలాగే తొందరపెట్టి ఉంటే, సాయంత్రానికి ఆయన కూడా ఇంటికొచ్చి, నన్ను ఇలాగే తిట్టేవాడు."