అర మిల్లీమీటరు తేడా

రేవులో అందరూ ఆయన్ని లాగుడు బాబాయి అనేవారు. చేపల పడవల మీద రేడియోలు పెట్టడం, వాటి కేబుళ్లు బిగించడం ఆయన పని. కేబుల్ చివర కనెక్టరు బిగించాక దాన్ని మూడుసార్లు లాగి చూసేవాడు. మొదటిసారి మెల్లగా, రెండోసారి గట్టిగా, మూడోసారి పళ్లు బిగించి. ఇంకొంచెం లాగితే పడవే ఒడ్డెక్కేస్తుందని పడవవాళ్లు ఆటపట్టించేవారు. ఆయన వెంటనే నవ్వేవాడు కాదు. పొద్దున వేసిన జోకుకి మధ్యాహ్నం అన్నం తింటూ నవ్వుతాడని పిన్ని చెప్పేది.

నాది రేవుకి ఎదురుగా పనిముట్ల కొట్టు. ముప్పై ఏళ్లపాటు ఆయన పనిముట్లన్నీ నా దగ్గరే కొన్నాడు. నేను వాగుడుకాయని, ఆయన మాటల దగ్గర పరమ పిసినారి. నేను అరగంట పొగిడిన సరుకుని ఆయన రెండు వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టేసేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ ఆయన పెట్టేసిన సరుకు నెల తిరక్కుండా ఎవరో ఒకరు తిట్టుకుంటూ వెనక్కి తెచ్చేవారు.

ఆయన పని గురించి కాస్త చెప్పాలి. రేడియో నుంచి తెరచాప కొయ్య మీది యాంటెనాకి వెళ్లే కేబుల్ మధ్యలో ఒక రాగి తీగ ఉంటుంది. దాని చుట్టూ మందపాటి తెల్లటి పొర, ఆ పొర మీద జడలా అల్లిన సన్న తీగలు, అన్నిటికీ పైన నల్ల తొడుగు. కనెక్టరు ఆ అల్లికని గట్టిగా పట్టుకోవాలి. అందుకని అల్లిక మీదికి చిన్న లోహపు గొట్టం జరిపి, క్రింపరుతో నొక్కుతారు. క్రింపరు చూడ్డానికి పట్టకారులా ఉంటుంది గాని దాని నోటికి ఆరు పలకలుంటాయి. నొక్కడం మొదలుపెడితే చివరిదాకా నొక్కాల్సిందే, మధ్యలో వదలదు. ఒక్కో రకం కేబుల్‌కి ఒక్కో కొలత నోరు. నోరు చిన్నదైతే గొట్టం చితికిపోయి కంటికి కనిపిస్తుంది. కొంచెం పెద్దదైతే పట్టు వదులై మెల్లగా ఉప్పు తేమ లోపలికి దిగుతుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆయన చొక్కా జేబుల నిండా, దిండు మీద, ఒక్కోసారి కంచంలో కూడా ఆ సన్న తీగల ముక్కలే. పెళ్లైన నాటినుంచి రాగి వెంట్రుకలున్న సవతితో కాపురం చేస్తున్నానని పిన్ని మా ఆవిడ దగ్గర విసుక్కునేది.

ఒక ఏడు, వేట మొదలవడానికి నాలుగు రోజుల ముందు ఆయన క్రింపరు పిడి విరిగింది. పన్నెండు పడవలు కేబుల్ మార్చుకోవడానికి వరసలో ఉన్నాయి. ఆయన రెండు రోజులు బస్సుల్లో తిరిగాడు. టీవీ కేబుళ్లవాళ్ల దగ్గర ఉన్నవి వేరే కొలత. రేడియో బాగుచేసేవాళ్ల దగ్గర నోరు అరిగిపోయినవే ఉన్నాయి. తెప్పించాలంటే మూడు వారాలు పడుతుందని నేను ముందే చెప్పాను. చివరికి కాళ్లీడ్చుకుంటూ మళ్లీ నా కొట్టుకే వచ్చాడు.

నా దగ్గర ఒకటుంది, అర మిల్లీమీటరు పెద్ద నోరు. ఆయన దాన్ని ఎప్పట్లాగే అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మన కేబుల్‌కి కాదు కదరా" అన్నాడు.

"అర మిల్లీమీటరే కదా తేడా. సరిపోతుంది బాబాయ్, నా మాట విను" అన్నాను.

ఆ సరుకు నా దగ్గర ఏడాదిగా పడి ఉంది. దాన్ని వదిలించుకోవాలన్న తాపత్రయం నాకు ఉండేది, ఇప్పుడు దాచి లాభం లేదు. ఆయన దాన్ని తీసుకెళ్లి మిగిలిన రెండు రోజుల్లో పన్నెండు పడవలకీ కేబుళ్లు బిగించాడు. ప్రతిదాన్నీ మూడుసార్లు లాగాడు. ఒక్కటీ ఊడలేదు. మూడు వారాలకి సరైన క్రింపరు వచ్చాక, ఆ పన్నెండూ కోసి మళ్లీ బిగించాలేమో అని నన్నే అడిగాడు. అన్నేసి సార్లు లాగావు, ఊడనిదాన్ని కొయ్యడమెందుకని కొట్టిపారేశాను. ఆయన కొత్త క్రింపరు తీసుకుని వెళ్లిపోయాడు.

నాలుగు నెలల తర్వాత తుఫాను వచ్చింది. రేవు ఆఫీసు రేడియోలో మూడుసార్లు హెచ్చరించింది. దూరం వెళ్లిన పడవలన్నీ వెనక్కి తిరిగాయి, ఒక్కటి తప్ప. ఆ పడవ యజమాని సముద్రంలో కొట్టుకుపోయాడు. అతని బావమరిదిని వేరే పడవవాళ్లు బతికించి తెచ్చారు, పడవని తర్వాత లాక్కొచ్చారు. రేడియో వేసే ఉందని, బుస్సుమనడం తప్ప మాట వినపడలేదని బావమరిది చెప్పాడు. భయంలో ఏదో అంటున్నాడని ఎవరూ పట్టించుకోలేదు. బ్యాటరీ ఆదా చెయ్యడానికి యజమాని రేడియో కట్టేసి పడుకున్నాడని ఆఫీసువాళ్లు కాగితం మీద రాసేశారు.

అతనికి ఒక్కతే కూతురు, ఐసు ఫ్యాక్టరీలో తూకం దగ్గర పనిచేసేది. ఆ పిల్లకి వినపడేటట్టే జనం ఆ మాటలు అనేవారు. నెల రోజులు ఓర్చుకుని, ఒకరోజు బాబాయి దగ్గరికి వచ్చింది. ఆ సమయానికి నేనూ అక్కడే ఉన్నాను.

"నాన్న రేడియో కట్టేసే మనిషి కాదు బాబాయ్. పడవని ముక్కలు చేసేస్తారట. ఈలోగా మీరొక్కసారి చూడండి" అంది.

మర్నాడు బాబాయీ నేనూ వెళ్లాం. రేడియో మీట వేసే ఉంది. బాబాయి తెరచాప కొయ్య మొదట్లో కేబుల్ పట్టుకున్నాడు. లాగలేదు, ఊరికే పట్టుకున్నాడు. కనెక్టరు చేతిలోకి వచ్చేసింది. లోపల అల్లిక పచ్చగా చిలుమెక్కి పొడిపొడిగా రాలింది. గొట్టం మీద ఆరు పలకలూ ఉన్నాయి. ఆయన జేబులోంచి కొలత స్కేలు తీసి గొట్టాన్ని కొలిచాడు. రెండోసారి కొలిచాడు. నాకు కొలత అక్కర్లేదు, అది నేను అమ్మిన క్రింపరు నొక్కిన గుర్తే.

అక్కడ మేమిద్దరమే ఉన్నాం. చివర రెండంగుళాలు కోసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఉప్పునీళ్లకి పోయిందని చెబుదామని నేనే అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం. ఆయన నాకేసి చూడలేదు. కనెక్టరుని రుమాల్లో చుట్టుకుని సరాసరి రేవు ఆఫీసుకి నడిచాడు. దారిలో ఐసు ఫ్యాక్టరీ ముందు ఆగి ఆ పిల్లని కూడా రమ్మన్నాడు.

అధికారి బల్ల మీద రుమాలు విప్పి ఆయన అంత పొడుగు మాటలు మాట్లాడటం నేను అదే మొదటిసారి, అదే చివరిసారి వినడం. "ఇది నేను బిగించింది. కొలత తప్పని తెలిసే బిగించాను. రేడియో వేసే ఉంది, వినపడకుండా చేసింది నేను. ఆ కాగితం మీద అతని పేరు కొట్టేసి నా పేరు రాయండి."

అధికారి ఆ పనిముట్టు ఎక్కడ కొన్నావని అడిగాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "నొక్కింది నా చెయ్యి. కొట్టుతో పనేముంది" అన్నాడు బాబాయి.

కాగితం మారింది. ఆయన లైసెన్సు పోయింది. మిగతా పదకొండు పడవల కేబుళ్లూ ఎవరూ అడక్కుండానే కోసి మళ్లీ బిగించి ఇచ్చాడు. కొందరు ఆయన్ని పడవ ఎక్కనివ్వకపోతే ఒడ్డున నిలబడి బతిమాలాడు. తర్వాత ఇంట్లోనే ఉండిపోయాడు. ఏడాది పోయాక ఆ పిల్ల వాళ్లింటికి వెళ్లి పని నేర్పమంది. పిన్ని తలుపు దగ్గరే ఏడ్చేసిందట. ఆయన ఒక కేబుల్ ముక్క, కత్తి చేతికిచ్చాడట. ఇప్పుడు రేవులో రేడియోలన్నీ ఆ పిల్లే చూస్తుంది. తనూ మూడుసార్లు లాగుతుంది, కానీ ముందు కొలుస్తుంది.

ఈ ఏడు బాబాయి పోయాడు. పది రోజుల కిందట ఆ పిల్ల ఆయన పనిముట్ల పెట్టెతో నా కొట్టుకి వచ్చింది. ఒక క్రింపరు తీసి బల్ల మీద పెట్టింది. దాని పిడులు రెండూ తెరుచుకోకుండా రాగి తీగతో గట్టిగా చుట్టి ఉన్నాయి.

"అన్నయ్యా, ఇది ఏ కేబుల్‌కి? బాబాయి దీన్నొక్కదాన్నే ముట్టుకోనిచ్చేవాడు కాదు" అంది.

తెలియదనొచ్చు. అంతకంటే పెద్ద అబద్ధాలే ఆ బల్ల వెనక నిలబడి ఆడాను. కానీ ఆ తీగ చుట్టిన పిడుల మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

"మీ నాన్న పడవకి వాడింది ఇదే. బాబాయి వద్దంటే సరిపోతుందని అంటగట్టింది నేనే. మళ్లీ బిగిస్తానంటే అక్కర్లేదన్నదీ నేనే" అన్నాను.

ఆ పిల్ల ఆ తీగని వేలితో తడిమింది. అరిస్తే బాగుండుననిపించింది.

"ఆ రోజు ఆఫీసు గుమ్మంలో నువ్వు కూడా ఉన్నావు కదా అన్నయ్యా" అంది చివరికి.

ఉన్నానన్నాను.