టోపీ తీస్తేనే డ్రమ్ములు

మా పక్కింటి మామ పోయిన నెల చనిపోయాడు. మందమర్రిలో తల నెరిసిన నలుగురం కలిసి థ్రాష్ మెటల్ అనే హోరు రాక్ సంగీతం వాయిస్తామని చాలామందికి తెలియదు. మామకు తెలుసు. కొత్త ఆల్బమ్‌లో ఇంకొక్క పాట మిగిలి ఉండగా మా మొదటి శ్రోత వెళ్లిపోయాడు.

మా బొగ్గుగని కాలనీలో పట్టపగలు కూడా ఎవరో ఒకరు నిద్రలో ఉంటారు. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషిని లేపడం మా దగ్గర పెద్ద తప్పు. అలాంటి చోట, కుర్రతనంలో, మేం డ్రమ్ములు కొన్నాం. మామ కోప్పడలేదు. పడుకునే ముందు తన గని టోపీని గేటుకు తగిలించేవాడు. టోపీ ఉన్నంతసేపూ మేం గప్‌చుప్. లేచాక దాన్ని తీసి, గోడ మీంచి తొంగిచూసి, "ఇగ కొట్టుండ్రి. జర గట్టిగ కొట్టుండ్రి, నిద్రమత్తు వదలాలె" అనేవాడు.

మా పాటలు ఆయనకు నచ్చేవో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గాయకుడు అరుస్తుంటే "గీ పిలగానికి గొంతు నొస్తలేదా?" అని అడిగి, అత్తమ్మతో అల్లం చాయ్ పంపించేవాడు.

రిటైరయ్యాక కూడా మధ్యాహ్నం కునుకుకు టోపీ తగిలించడం మానలేదు. "గిప్పుడు నీకేం షిఫ్టు మామా?" అంటే "ముసలితనం షిఫ్టురా" అని నవ్వేవాడు. మా గిటారిస్టు దుబాయ్ నుంచి తిరిగొచ్చి కొత్త ఆల్బమ్ అంటే, ఈ వయసులో ఎందుకని నేనే వెనకాడాను. "నా చెవులు పోకముందే చెయ్యుండ్రి" అన్నాడు మామ. అలా మొదలుపెట్టాం.

ఆఖరి మధ్యాహ్నం కూడా టోపీ తగిలించే పడుకున్నాడు. లేవలేదు.

దినాలయ్యాక, మేం వాయించుకునే మా ఇంటి షెడ్డులో కలుసుకున్నాం. మామ గేటుకు టోపీ అలాగే ఉంది. దాన్ని చూస్తూ డ్రమ్ము మీద దెబ్బ వెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఆల్బమే వద్దనుకుని సామాను సర్దుతున్నాం.

అప్పుడు అత్తమ్మ బయటికొచ్చింది. టోపీ తీసి కొంగుతో తుడిచింది.

"ఎందుకు ఊకున్నరు? లేచిండనుకోండ్రి. కొట్టుండ్రి."

కొట్టాం. ఏడుస్తూనే కొట్టాం. మిగిలిన ఆ ఒక్క పాటతో ఆల్బమ్ పూర్తయింది.

ఆ పాట సాగినంతసేపూ ఆమె గుమ్మం మెట్టు మీద కూర్చుంది. ఒళ్లో ఉన్న టోపీ మీద ఆమె వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, మా తాళం కంటే కాస్త వెనగ్గా.