తలనూనె క్యాలెండర్‌లో మిగిలిన చెయ్యి

"తలనూనెకు నా బొమ్మ ఇయ్యను. నువ్వు గూడ ఏలుముద్ర ఎయ్యకు."

"నన్నెవలడుగుతరయ్యా?"

మా ఆయనతో నా ఆఖరి మాట అదే. దగ్గుతో మంచం పట్టిన మనిషి ఆ సాయంత్రమే పోయాడు.

బొమ్మ కథ అంతకు ముందుది. హైదరాబాదు నుంచి ఒక పేపరాయన వచ్చి, నేతగాళ్ల బతుకు మీద రాస్తానని మగ్గం దగ్గర మా ఇద్దరినీ ఫోటో తీశాడు. నేను నూలు కండె అందిస్తున్నాను, ఆయన చెయ్యి చాపి అందుకుంటున్నాడు. వార్తకైతే ఎవరినీ అడగనక్కర్లేదట, అడగలేదు. మా వాడకట్టుకు వచ్చిన ఒక్క పేపరులో హోటలాయన మిర్చీలు కట్టి అమ్మేశాడు. తర్వాత కరీంనగర్ తలనూనె ఏజెంటు ఆ ఫోటో మీద మనసుపడ్డాడు. సరుకు అమ్మడానికైతే ఒప్పుకోలు కావాలట. ఇంటి యజమాని అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయనదేమో బట్టతల, వద్దన్నాడు.

ఆయన పోయి ఏడాది తిరగకముందే దుకాణాల్లో క్యాలెండర్ వేలాడింది. గోడ మీద నాకు రూపాయంత బొట్టు, నడుము దాటిన జుట్టు. కింద బోసి నుదురుతో ఉప్పు కొంటూ నేను. కిరాణా ఆయన గోడనూ నన్నూ చూసి, "వదినె, నీ నూనె నువ్వే జర రాసుకోరాదు?" అన్నాడు. నవ్వులకు ఓర్చుకున్నాను. కానీ మా ఆయన అందులో లేడు. ఆయనకు ఇంకో ఫోటో లేదు.

బస్సెక్కి ఏజెంటు దగ్గరికి పోయాను. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. మా ఆయన ఒప్పుకోలేదు కనుక ఆయన్ని కత్తిరించామని, రూలు తప్పలేదని చెప్పాడు.

"మరి నేనొప్పుకున్ననా?"

"నువ్వు వద్దనలే గదమ్మా."

"నన్నడిగితే గదా అనేది."

పోనీ, ఇద్దరం ఉన్న ఫోటో ఇమ్మన్నాను. అది పేపరు వాళ్లదట, ఒప్పుకోని మనిషి అందులో ఉంటే వార్తకైతేనే బయటికి ఇస్తారట.

"ఆయన సచ్చిండు. గది వార్త గాదా?"

నేతగాడు పోతే పేపర్లో వేయరన్నాడు ఏజెంటు. నేను లేస్తుంటే ఒక క్యాలెండర్ ఉత్తగా ఇచ్చాడు.

బస్సులో విప్పి చూశాను. కండె ఉన్న చోట నూనెసీసా గీశారు. దాన్ని అందుకుంటూ అంచున ఒక చెయ్యి మిగిలింది. మగ్గం తాడు లాగి లాగి వంకరపోయిన బొటనవేలు, మా ఆయనదే. వద్దన్న మనిషి చేతనే నూనె అమ్మించారు. ఇంటికొచ్చి నా మొఖాన్నీ సీసానూ కత్తిరించి పొయ్యిలో వేశాను. చెయ్యిని దేవుడి గూట్లో పెట్టుకున్నాను.

ఇప్పుడు మా తమ్ముడి బిడ్డ ఇదంతా రాసి, అచ్చుకిస్తానంటూ కింద వేలిముద్ర వెయ్యమంటున్నది.

ఆగు బిడ్డా. నన్నడిగినదానివి నువ్వొక్కదానివే. గందుకే ఇనకుండ ఊకె ఎయ్యను. మొదటి నుంచి సదువు, నేనింట.